రాత్రి పదకొండింటి షుగరు

పెద్దమనిషి ఒంట్లో పారే రక్తం మొత్తంలో ఉండే చక్కెర నాలుగైదు గ్రాములు. ఒక టీస్పూను. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నప్పుడు అదే మనిషి కాలేయం రక్తంలోకి వదిలే చక్కెర కిలో బరువుకు నిమిషానికి దాదాపు 2 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి లెక్కవేస్తే గంటకు 7 గ్రాముల పైమాటే. రక్తంలో ఎంత చక్కెర ఉందో అంతకన్నా ఎక్కువ ప్రతి గంటా కొత్తగా వచ్చి చేరుతోందన్నమాట. వచ్చినంతా ఖర్చవుతూనే ఉంటుంది, అందులో పెద్దవాటా మెదడుది. ఎనిమిది గంటల నిద్రలో ఇలా వచ్చిపోయే చక్కెర 50 గ్రాములు దాటుతుంది. అయినా తెల్లారి వేలు పొడిచి చూస్తే మీటరులో 90 కనిపిస్తుంది, రాత్రంతా ఏమీ జరగనట్టు.

అలా కనిపించేట్టు చేసేది క్లోమం. అందులోని బీటా కణాలు రాత్రంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూ కాలేయం జోరును అదుపులో పెడతాయి. చక్కెర కాస్త తగ్గితే చెయ్యి బిగిస్తాయి, కాస్త పెరిగితే వదులుతాయి. టైప్ 1 మధుమేహంలో ఒంటి రోగనిరోధక వ్యవస్థే ఆ కణాలను చంపేస్తుంది. అక్కణ్ణుంచి ఇన్సులిన్ అంతా బయటినుంచే వెళ్లాలి. చర్మం కింద వేసిన మందుకు రక్తంలో చక్కెర ఎంతుందో తెలియదు. దాని వేళకు అది మొదలై, దాని వేళకు అది అయిపోతుంది. ఒకసారి వేశాక వెనక్కి తీయడం కుదరదు.

పగలైతే ఈ చిక్కును రెండు మూడు గంటలకోసారి సరిదిద్దుకోవచ్చు. ఒంట్లో తేడా తెలుస్తుంది, చేతికందే దూరంలో గ్లూకోజు ఉంటుంది, పక్కన మనుషులు ఉంటారు. రాత్రి అలా కాదు. పడుకునే ముందు తీసుకున్న ఒక్క నిర్ణయం ఏడెనిమిది గంటలు నడవాలి. అందుకే టైప్ 1 ఉన్న ఇంట్లో అతి కష్టమైన అంకె పదిన్నరకో పదకొండింటికో మీటరులో కనిపించే అంకె. భోజనానికి ముందు 130 ఉన్నది పడుకునే వేళకు 230 అవుతుంది. వెంటనే ఇంకో సూది వేయాలనిపిస్తుంది. వేస్తే తెల్లవారుజామున పడిపోతుందేమోనని భయం, వేయకపోతే రాత్రంతా ఎక్కువగానే ఉంటుందని బెంగ. మన దేశంలో ఇరవై ఏళ్లలోపు టైప్ 1 పిల్లలు సుమారు 2,29,000 మంది ఉంటారని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో అంచనా వేసింది. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఈ ప్రశ్న అన్ని ఇళ్లలో ప్రతి రాత్రీ వస్తోంది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎన్ని యూనిట్లు వేయాలన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న షుగరు ఏ గంటలో పెరగడం మొదలుపెట్టింది అన్నది. అది తెలియకుండా వేసే ప్రతి యూనిట్టూ చీకట్లో వేసిందే.

భోజనం ఇంకా అయిపోలేదు

అమెరికా, యూరప్ పుస్తకాలు చదివి బెంగపడే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. అక్కడ చాలా ఇళ్లలో పిల్లల రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకు. పడుకునే కొలత తొమ్మిదికో పదికో. రెంటికీ మధ్య మూడు నాలుగు గంటలు. ఆ ఎడం తర్వాత 90 నుంచి 150 మధ్య ఉండాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పిల్లలకు గీత గీసింది. మన ఇళ్లలో సీరియల్ అయ్యాక తొమ్మిదింటికి అన్నం, పదిన్నరకు పక్క. అన్నం తిన్న గంట, గంటన్నరకు షుగరు పైకెక్కి ఉంటుంది. మనం పడుకునే వేళ షుగరు అనుకుంటున్నది నిజానికి భోజనం తాలూకు శిఖరం. ఆ శిఖరాన్ని వాళ్ల గీతతో పోల్చి మందు పెంచితే, శిఖరం దిగాక ఆ పెంచిన మందు రాత్రి రెండింటికి వేరే పని మొదలుపెడుతుంది.

వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మామూలుగా తినే పెద్దవాళ్ల పళ్లెంలో పావుకిలో అన్నం తేలిగ్గా పడుతుంది, అంటే 70 గ్రాములు. ఇది పొట్టలోంచి రక్తంలోకి చేరే వేగానికీ, చర్మం కిందినుంచి ఇన్సులిన్ చేరే వేగానికీ పొత్తు కుదరాలి. లిస్‌ప్రో, యాస్పార్ట్ వంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్లు 10 నుంచి 20 నిమిషాల్లో మొదలై, గంట రెండు గంటల్లో ఉచ్చస్థాయికి చేరి, నాలుగైదు గంటల్లో ముగుస్తాయి. ధర తక్కువ కావడంతో చాలామంది వాడే రెగ్యులర్ ఇన్సులిన్ తీరు వేరు. అది మొదలవడానికే అరగంట కావాలి. రెండునుంచి నాలుగు గంటల మధ్య బలంగా పనిచేస్తుంది, ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ఎంతో కొంత ఉంటుంది.

రెగ్యులర్ వాడే ఇంట్లో పళ్లెం ముందు కూర్చున్నాక సూది వేస్తే ఏమవుతుందో చూడండి. తొమ్మిదింటి సూది, తొమ్మిదింటి అన్నం. పదిన్నరకు అన్నం ముందుంది, ఇన్సులిన్ వెనకబడింది, మీటరు 240 అంటుంది. ఒంటిగంటకు అన్నం అయిపోవచ్చింది, ఇన్సులిన్ మాత్రం ఇంకా చేతిలో పనితో ఉంది. మూడింటికి 65. రాత్రి ఎక్కువా, తెల్లవారుజామున తక్కువా రెండూ ఒకే సూది చేసిన పనులే. ఇలాంటి పిల్లలకు యూనిట్లు పెంచితే పదిన్నర అంకె కొంచెం తగ్గి, మూడింటి ప్రమాదం ఎక్కువవుతుంది. మోతాదు అలాగే ఉంచి సూదిని భోజనానికి అరగంట ముందుకు జరిపితే రెండు కొసలూ ఒకేసారి సర్దుకుంటాయి. త్వరగా పనిచేసే రకానికైతే 15 నుంచి 20 నిమిషాలు చాలు.

పసిపిల్లల తల్లులు దీనికి ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. సూది వేశాక పిల్లవాడు నాలుగు ముద్దలు తిని లేచిపోతే ఎవరు దిక్కు? అలాంటి చోట త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను రెండుగా విడదీసి, ఖాయంగా తింటాడన్న దానికి ముందు, మిగతాదానికి తిన్నాక వేయమని డాక్టర్లు చెబుతుంటారు. సూది ఒకటి ఎక్కువవుతుంది, గుండె కాస్త కుదుటపడుతుంది.

అసలు అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది మందు కాదు, భోజనాన్ని ఏడున్నరకు జరపడం. పదిన్నరకల్లా భోజనం శిఖరం దాటిపోయి, మీటరులో కనిపించే అంకెకు నిజంగా పడుకునే వేళ అంకె అనే అర్థం వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక్క పిల్లకోసం వంట గంటన్నర ముందుకు రావడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఇంటిల్లిపాదీ జరిగితే ఆ పిల్ల ఒంటరిగా తినే బాధ తప్పుతుంది.

ఇక కొవ్వు సంగతి. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రంలో చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. టైప్ 1 ఉన్న ఏడుగురికి ఒకే మోతాదు పిండిపదార్థం, ఒకే మోతాదు మాంసకృత్తులతో రెండు రాత్రులు భోజనం పెట్టారు. ఒక రాత్రి కొవ్వు 10 గ్రాములు, ఇంకో రాత్రి 60. ఇన్సులిన్ ఇచ్చే పని షుగరును చూసి తనే సర్దుకునే యంత్రానికి అప్పగించారు. కొవ్వు తక్కువైన రాత్రి సగటున 9 యూనిట్లు, ఎక్కువైన రాత్రి 12.6 యూనిట్లు పట్టాయి. 40 శాతం ఎక్కువ ఇన్సులిన్ వెళ్లినా షుగరు మాత్రం ఆ రాత్రే ఎక్కువగా ఉంది. ఏడుగురే కదా అనవచ్చు. కానీ పెళ్లివిందు తిని వచ్చిన రాత్రి ఏమవుతుందో టైప్ 1 ఇళ్లవాళ్లను ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు.

కారణాలు రెండు. కొవ్వు పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది. తర్వాత రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాలు ఇన్సులిన్ మాటను కాలేయం చెవిన పడనివ్వవు. మాంసం పళ్లెంలోని మాంసకృత్తులలో కొంత భాగం కూడా గంటల తర్వాత చక్కెరగా మారుతుంది. శనివారం రాత్రి పదింటికి హైదరాబాద్ బిర్యానీ తిన్నవారికి పదకొండున్నరకు మీటరు 140 అని ముద్దుగా చూపిస్తుంది. హాయిగా పడుకుంటారు. రెండింటికి 280. పెళ్లిలో మొదటి బంతికే వడ్డన ముగించి వంటవాళ్లు వెళ్లిపోతే, వెనక బంతులు వచ్చి కూర్చుంటూనే ఉన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఇన్సులిన్ వెళ్లిపోయింది, బిర్యానీ వస్తూనే ఉంది. ఇన్సులిన్ పంపు ఉన్నవాళ్లు మోతాదును రెండు మూడు గంటలకు సాగదీసి ఇవ్వగలరు. సూదులవాళ్లు రెండుగా విడదీయాలి, రెండోది వేళతప్పి వేయాలి, కాపలాకు మేలుకోవాలి. బిర్యానీ మానమని నేను చెప్పను. మధ్యాహ్నం తినమంటాను. పెరిగితే పెరిగింది, మెలకువగా ఉండి చూసుకోవచ్చు.

పడుకునే ముందు గ్లాసెడు పాలు కూడా విచారించవలసిందే. 200 మిల్లీలీటర్ల పాలలోనే దాదాపు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. బూస్టో, హార్లిక్సో కలిపి, పైన ఒక చెంచా పంచదార వేస్తే అది 20 దాటుతుంది. దీనికి ఎవరూ సూది లెక్కవేయరు, పాలే కదా అని. ఈ అలవాటుకు ఒకప్పుడు వైద్యుల మద్దతు కూడా ఉండేది. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ సాయంత్రం వేసుకునే కాలంలో అది నడిరాత్రి ఉచ్చానికి చేరేది, దాన్ని తట్టుకోవడానికి పడుకునే ముందు ఏదో తినడం తప్పనిసరి. ఇవాళ గ్లార్జిన్ వంటి శిఖరం లేని ఇన్సులిన్‌కు మారిన పిల్లలకూ పాత సలహా అలాగే కొనసాగుతోంది. మందు మారినప్పుడు పాల గ్లాసు గురించి కూడా డాక్టరును అడగాలి.

1947 నోబెల్‌లో రెండు సగాలు

ఏమీ తినకపోయినా, పాలు తాగకపోయినా, నిద్రపట్టిన కాసేపటికి షుగరు ఎక్కే పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రులు దొంగతనంగా ఏదో తిన్నావని పిల్లలను నిలదీసే సందర్భం ఇదే. పాపం, వాళ్లు తిన్నదేమీ ఉండదు.

ఈ పెరుగుదల వెనక ఉన్న విజ్ఞానాన్ని 1947 వైద్య నోబెల్ బహుమతి రెండు ముక్కలుగా పంచి చూపించింది. సగం బహుమతి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన కార్ల్ కోరీ, గెర్టీ కోరీ దంపతులకు. గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర ఎలా విడిపోతుందో వాళ్లు విప్పి చెప్పారు. కాలేయం రాత్రిపూట ఖర్చుపెట్టే నిల్వల్లో ముఖ్యమైనది అదే. మిగిలిన సగం అర్జెంటీనాకు చెందిన బెర్నార్డో హుస్సేకు. క్లోమం తీసేసిన కుక్కలకు మధుమేహం రావడం అప్పటికే తెలుసు. వాటికి మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిని కూడా తీసేస్తే మధుమేహం తీవ్రత తగ్గిపోతుందని హుస్సే చూపించాడు. ఆ గ్రంథి నుంచి ఇన్సులిన్‌కు ఎదురు నిలిచేది ఏదో వస్తోందన్నమాట. అందులో ముఖ్యమైనది పెరుగుదల హార్మోను.

అది ఎప్పుడు వస్తుందన్నది 1968లో తేలింది, మళ్లీ సెయింట్ లూయిస్‌లోనే. నిద్రపోతున్నవారి రక్తాన్ని రాత్రంతా పరీక్షించి చూస్తే, మొదటి గాఢనిద్రతో పాటే పెరుగుదల హార్మోను పెద్ద అలగా లేస్తోంది. సాధారణంగా నిద్రపట్టిన మొదటి గంట, గంటన్నరలో. పిల్లలు నిద్రలో పెరుగుతారని మన పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇది కొంత దన్ను. ఆ అల లేచిన కొన్ని గంటలపాటు కండరాలు, కాలేయం ఇన్సులిన్‌ను సరిగా ఖాతరు చేయవు. తెల్లవారుజాము దగ్గరపడేకొద్దీ కార్టిసాల్ అనే హార్మోను కూడా తోడవుతుంది. ఏమీ తినకుండానే ఉదయం నాలుగు నుంచి ఏడు మధ్య షుగరు ఎక్కే ఈ తీరుకు 1981లో వేకువ పేరు పెట్టారు.

వయసును బట్టి గంట మారుతుంది. ఇన్సులిన్ పంపు వాడే పిల్లలకు గంటగంటకూ ఎంత ఇన్సులిన్ అవసరమవుతోందో చూస్తే, బడికి వెళ్లని చిన్నపిల్లలకు రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు మధ్యే అవసరం ఎక్కువగా కనిపిస్తుంది. కౌమారం వచ్చేసరికి ఆ ఎత్తు తెల్లవారుజాముకు కూడా విస్తరిస్తుంది. పైగా కౌమారంలో మొత్తం మోతాదే పెరిగిపోతుంది. కిలోకు 0.7 నుంచి 1 యూనిట్ సరిపోయిన పిల్లకు 1.2 దాటవచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే కావచ్చు. ఆడపిల్లల్లో చాలామందికి నెలసరి ముందు రోజుల్లో ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. ఈ వయసు పిల్లల్ని షుగరు అదుపులో లేదని తిట్టడం వాళ్లు పొడుగవుతున్నారని తిట్టడంతో సమానం.

సెయింట్ లూయిస్‌కు మన కథలో మూడో పాత్ర కూడా ఉంది. మైకేల్ సొమొగీ అనే హంగేరియన్ జీవరసాయన శాస్త్రవేత్త అక్కడే 1938లో ఒక మాట చెప్పాడు. రాత్రి ఇన్సులిన్ ఎక్కువై షుగరు పడిపోతే, ఒళ్లు ఎదురుతిరిగి ఉదయానికి షుగరును పైకి తోస్తుందని. వినడానికి చక్కగా ఉండడంతో తరాల తరబడి డాక్టర్లు దాన్ని నమ్మారు. ఉదయం ఎక్కువ కనిపిస్తే రాత్రి మందు తగ్గించండి అన్న సలహా అలా పుట్టింది, నేటికీ అక్కడక్కడ వినిపిస్తుంది. రాత్రంతా కొలిచే సెన్సర్లు వచ్చాక చూస్తే, నిద్రలో షుగరు పడిపోయినవారు ఎక్కువగా ఉదయం కూడా తక్కువ షుగరుతోనే లేస్తున్నారు. ఉదయం ఎక్కువగా ఉన్నవాళ్లకు మామూలుగా రాత్రి ఇన్సులిన్ చాలడం లేదు. టైప్ 1 వచ్చిన కొన్నేళ్లకు, షుగరు పడిపోయినప్పుడు దాన్ని పెంచే గ్లూకగాన్ హార్మోనుతో ఎదురుతిరిగే శక్తి ఎలాగూ సన్నగిల్లుతుంది. నడిరాత్రి పడిపోయిన పిల్లవాడికి కంగారులో రెండు లడ్లు, గ్లాసు జ్యూసు, చివర చాక్లెట్ పెడితే ఉదయానికి 300 అవుతుంది నిజమే. ఆ 300 వంటింటి నుంచి వచ్చింది. పెద్దవాళ్లకు 15 గ్రాముల గ్లూకోజు, చిన్నవాళ్లకు ఇంకా తక్కువ, పావుగంట ఆగి మళ్లీ కొలత. అంతే.

నిన్నటి సూది ఇవాళ సాయంత్రం అయిపోతే

ఇన్సులిన్ వచ్చిన 1922 నుంచి పద్నాలుగేళ్లపాటు రాత్రికంటూ వేరే ఇన్సులిన్ లేదు. కొన్ని గంటల్లో అయిపోయే మందే రోజుకు పలుమార్లు వేసుకోవాలి. 1936లో డెన్మార్క్‌లో హాగెడార్న్ చేపల వీర్యం నుంచి తీసిన ప్రోటమీన్ అనే మాంసకృత్తిని ఇన్సులిన్‌కు కలిపి దాని వేగం తగ్గించాడు. 1946లో వచ్చిన ఎన్‌పీహెచ్ దాని సవరించిన రూపం. రెండు రకాల ఇన్సులిన్ ముందే కలిపి అమ్మే ప్రీమిక్స్ సీసాల్లో తెల్లగా మడ్డిలా కనిపించేది అదే. సాయంత్రం ఏడెనిమిదింటికి వేసిన ఎన్‌పీహెచ్, వేశాక నాలుగు నుంచి పది గంటల మధ్య బలంగా పనిచేస్తుంది. అంటే ఇన్సులిన్ తక్కువ అవసరమైన నడిరాత్రి అది గట్టిగా ఉండి, వేకువ హార్మోన్లు లేచే వేళకు చేతులెత్తేస్తుంది. దాన్ని భోజనం నుంచి విడదీసి పడుకునే వేళకు జరపడం చాలామందికి పనికొచ్చే మొదటి మార్పు. ప్రీమిక్స్‌లో అలా విడదీయడం కుదరదు. టైప్ 1 పిల్లలకు ప్రీమిక్స్ సరైన మందు కాదనడానికి నాకు ఇదొక్కటే కారణం చాలు.

2000లో గ్లార్జిన్ వచ్చింది. రోజుకొక సూది, 24 గంటలు, శిఖరం లేదు అని దాని పేరు. చాలామందికి నిజమే. కొందరికి, ముఖ్యంగా చిన్న మోతాదులు వేసుకునే పిల్లలకు, అది 24 గంటలు నిండకముందే నీరసిస్తుంది. రాత్రి పదింటికి వేసే పిల్లకు మర్నాడు సాయంత్రం ఆరేడింటినుంచే ఖాళీ ఏర్పడుతుంది. సాయంత్రం చిరుతిండికి కారణం అంటగడతారు, భోజనానికి అంటగడతారు. కొత్త సూది పదింటికి వేసినా అది అందుకోవడానికి గంట రెండు గంటలు పడుతుంది కాబట్టి పదకొండింటి అంకె ఎక్కువగానే ఉంటుంది. అపరాధి నిన్నటి సూది. వేళ మార్చడమో, రెండుగా విడదీయడమో, డెగ్లూడెక్ వంటి ఇంకా ఎక్కువసేపు ఉండే రకానికి మారడమో డాక్టరు చేసే పని.

ఇది తేల్చుకునే పరీక్షకు సెన్సర్ తప్పనిసరి కాదు, స్ట్రిప్పులు చాలు. ఒంట్లో నలత లేని ఒక రాత్రి ఏడింటికల్లా కొవ్వు తక్కువ భోజనం ముగించాలి. సాయంత్రం క్రికెట్ లేకుండా చూసుకోవాలి. పదకొండు, పన్నెండు, మూడు, ఆరు గంటలకు కొలిచి రాసుకోవాలి. మధ్యలో తిండీ, అదనపు సూదీ ఉండవు. పదకొండు నుంచి ఆరు దాకా 30 మిల్లీగ్రాములకు అటూఇటూగా నిలిచి ఉంటే రాత్రి ఇన్సులిన్ సరిగానే ఉంది, తప్పు భోజనం సూదిలో వెతకాలి. 70 కిందికి దిగినా 250 దాటినా పరీక్ష అక్కడే ఆపేసి తగిన పని చేయాలి. ఒక్క రాత్రిని నమ్మకూడదు. రెండు మూడు రాత్రులు ఒకే తీరు కనిపిస్తేనే ఏదైనా మార్చాలి, అదీ ఒకసారికి ఒకటే.

పదకొండింటికి 240 ఉంటే

ఇదంతా రేపటి పని. ఈ రాత్రి 240 ఉంది, ఏం చేయాలి?

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 40 కిలోల పిల్ల, రోజు మొత్తంలో అన్నీ కలిపి 30 యూనిట్లు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కు 1800ను మొత్తం మోతాదుతో భాగించడం ఒక వాడుక లెక్క. 1800ను 30తో భాగిస్తే 60. ఒక యూనిట్ ఆ పిల్లకు సుమారు 60 తగ్గిస్తుంది. 240ని 150కి దించాలంటే 90 తగ్గాలి, అంటే ఒకటిన్నర యూనిట్. పగలైతే సరే. కానీ తొమ్మిదింటికి భోజనానికి వేసిన 5 యూనిట్లలో రెండు గంటల తర్వాత సుమారు సగం ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంది. పప్పన్నం వంటి తేలిక భోజనమైతే ఆ సగమే చాలావరకు షుగరును దించేయవచ్చు. దానిమీద ఒకటిన్నర పడితే మూడింటికి ఏమవుతుందో చెప్పలేం. గంటకోసారి కొలిచి, దిగలేదని గంటకోసారి వేస్తూ పోతే ఇన్సులిన్ మీద ఇన్సులిన్ పేరుకుంటుంది. ఆసుపత్రికి చేరే తీవ్రమైన లోషుగర్లలో కొన్నిటి వెనక ఇలాంటి ఓపికలేని సూదులు ఉంటాయి.

నిద్రకు ఇంకో దుర్గుణం ఉంది. షుగరు పడిపోతే పగలు చెమట పట్టించి, గుండె దడ పుట్టించి హెచ్చరించే అడ్రినలిన్ స్పందన నిద్రలో మందగిస్తుంది. పిల్లలు లేవరు. అమెరికా, కెనడాల్లో 1441 మందితో 1993 దాకా సాగిన డీసీసీటీ పరిశోధనలో తీవ్రంగా షుగరు పడిపోయిన సంఘటనల్లో సగానికి పైగా నిద్రలోనే జరిగాయి. అందుకే పడుకునే వేళ దిద్దుబాటుకు పగటి లెక్కలో సగం వేయమనీ, చివరి సూదికీ దీనికీ కనీసం మూడు నాలుగు గంటల ఎడం ఉంచమనీ, గురి 100 బదులు 150 దగ్గర పెట్టుకోమనీ చాలామంది డాక్టర్లు చెబుతారు. వేస్తే రెండు మూడు గంటలకు అలారం పెట్టుకుని ఒక్కసారి చూడాలి. సాయంత్రం గంటన్నర ఆడివచ్చిన రోజైతే ఆ సగం కూడా వద్దనుకోవడమే మేలు. ఖాళీ అయిన నిల్వలను నింపుకోవడానికి కండరాలు నడిరాత్రి దాకా రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయి. ఒక రాత్రి 200 ఉండడం వల్ల కంటికీ మూత్రపిండానికీ జరిగే నష్టం ఏమంత ఉండదు. నెలల తరబడి ప్రతి రాత్రీ ఉంటే మాత్రం ఉంటుంది. ఆ తేడాను గుర్తుపెట్టుకుంటే కంగారు తగ్గుతుంది.

అయితే ఒక సందర్భంలో నిదానం పనికిరాదు. 250 పైన నిలిచిపోయి, వాంతులో కడుపునొప్పో ఆయాసమో ఉంటే, ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలైన కీటోన్లు చూడాలి, మూత్రం స్ట్రిప్పుతోనైనా సరే. రాత్రి సూది మరిచిపోయిన రోజు, జ్వరం ఉన్న రోజు, పంపు గొట్టం మడతపడిన రోజు ఇది జరుగుతుంది. కీటోన్లు ఎక్కువగా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చిన్న విషయాలు అనుకునేవి

లెక్కలన్నీ సరిగా ఉన్నా అంకెలు కుదరకపోతే పొట్ట తడిమి చూడండి. రోజూ ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లలకు ఆ చోటే ఇష్టం. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, ఒకరోజు ఒక్కసారిగా వస్తుంది. చోటు మారిస్తే చాలు, కానీ మార్చిన మొదటి రోజుల్లో అదే మోతాదు బలంగా తగలవచ్చు, జాగ్రత్త.

సీసాలతో మన దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. ఇక్కడ సీసాల్లో దొరికేది ఎక్కువగా యు-40, మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో ఉండేది యు-100, ఆ బలం సిరంజికి నారింజరంగు మూత. యు-40 సీసా మందును యు-100 సిరంజిలో 10 గీతల దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. రాత్రి షుగరు వారం రోజులుగా ఎందుకు ఎక్కువో ఎవరికీ అర్థంకాదు. తిరగేసి చేస్తే రెండున్నర రెట్లు వెళుతుంది, అది ప్రాణాంతకం. కొత్త సిరంజి కొన్నప్పుడల్లా మూత రంగు చూడాలి. ఎండాకాలంలో బయట పెట్టిన మందు బలం తగ్గుతుందని చెప్పనక్కరలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడిపిన మట్టికుండ బాగానే పనిచేస్తుంది.

సెన్సర్ వాడేవారికి ఒక హెచ్చరిక. పిల్లవాడు సెన్సర్ ఉన్న చేతిమీద పడుకుంటే అక్కడి కణజాలం నొక్కుకుపోయి, అసలు 130 ఉన్నా తెరమీద 60 కనిపిస్తుంది. అలారం మోగుతుంది, కంగారుగా గ్లూకోజు తాగిస్తారు, గంటకు 220 అవుతుంది. ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టి, వేలు పొడిచి నిజం తెలుసుకోవాలి. ఈ అలారాల వెనక ఒక మంచి కథ ఉంది. సియాటిల్‌లో డానా లూయిస్ అనే టైప్ 1 ఉన్న యువతికి తన సెన్సర్ అలారం నిద్రలో వినిపించేది కాదు. 2013లో ఆమె, ఆమె సహచరుడు స్కాట్ లైబ్రాండ్ కలిసి దాన్ని గట్టిగా మోగించే ఏర్పాటు చేసుకున్నారు. అక్కణ్ణుంచి ఒక్కో అడుగు వేసి, సెన్సర్ అంకెను చూసి పంపే ఇన్సులిన్‌ను పెంచి తగ్గించే పద్ధతి తయారుచేసి 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. కంపెనీ తయారీ యంత్రానికి అమెరికా ప్రభుత్వం తొలి అనుమతి ఇచ్చింది 2016లో. ఇలాంటి యంత్రాలు అన్నిటికన్నా బాగా పనిచేసేది రాత్రిపూటే. తిండి ఉండదు, ఆట ఉండదు, కాలేయంతో మాత్రమే పని. మన దగ్గర వీటి ధర చాలా కుటుంబాలకు అందదు కాబట్టి ప్రస్తుతానికి ఆ యంత్రం పని అమ్మానాన్నలు చేస్తున్నారు.

ఈ అధ్యాయంలో రాసిన యూనిట్లన్నీ ఉదాహరణకే. మీ బిడ్డ లెక్క మీ డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఉండాలి. ఒకసారి ఆ కాగితం తీసి చూడండి. పగటి దిద్దుబాటు మోతాదు రాసి, పడుకునే వేళకు విడిగా ఏమీ రాయకుండా ఉంటే, మూడు రాత్రుల అంకెలు పట్టుకుని వెళ్లి ఆ వరుస అడిగి రాయించుకోండి.